సగం సోయా చీజ్

మామగారికి ఒకటే నియమం: తన నాలుక మీద పడని చీజ్ కొట్టు గడప దాటకూడదు. మొన్న గుండె డాక్టరు ఆ నాలుకకే కళ్లెం వేశాడు. చీజ్ జోలికే పోవద్దన్నాడు. "రుచి చూడకుండా అమ్మేకన్నా కొట్టు మూసేయడం నయం" అని ఆయన కొట్టుకు తాళం వేసి, మూతి ముడుచుకు కూర్చున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

కోడలికి అది మింగుడుపడలేదు. పెళ్లయి వచ్చాక ఆమె ఇష్టపడి నేర్చుకున్న పని చీజ్ చేయడం ఒక్కటే. అందుకే డాక్టరు వెంటపడి, ప్రాణం తోడేసి, ఒక మాట రాబట్టింది: వెన్న తీసిన పాలలో సగానికి సగం సోయా పాలు కలిపి చేస్తే గోరంత రుచి చూడొచ్చు.

"గింజలు పిండితే పాలెక్కణ్ణుంచి వస్తాయమ్మాయ్?" అన్నాడు మామగారు కుర్చీలోంచి కదలకుండా.

"చూస్తూ ఉండండి మామయ్యా."

రెండు పాలూ కలిపి కాచి, దించి నిమ్మరసం పోసింది. చక్కగా విరిగాయి. అలవాటు చొప్పున విరిగినదాన్ని కొంత గుడ్డలో మూటగట్టి గట్టిగా పిండింది. ఉత్త ఆవుపాలదైతే ఓర్చుకునేది. ఇది మాత్రం గుడ్డలోంచి మెత్తగా బయటికొచ్చి మోచేతుల దాకా పాకింది.

"అయ్యో, పిండకు! దాని ఒళ్లే మెత్తన!"

కుర్చీ ఎప్పుడు వదిలాడో, మామగారు చొక్కా చేతులు మడిచి పక్కనున్నాడు. గిన్నెలో మిగిలినదాన్ని గరిటెతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి కొత్త గుడ్డలో వేశాడు. ఉప్పు అద్ది, మూట కొక్కేనికి వేలాడదీశాడు. "దాని బరువుకు అదే దిగుతుంది. మనం చెయ్యి పెట్టకూడదు," అన్నాడు, పుట్టినప్పటి నుంచీ సోయాతోనే కాపురం చేసినవాడిలా. కోడలు నవ్వాపుకోలేక అటు తిరిగింది.

నీళ్లు కారడం ఆగాక గోరంత నోట్లో వేసుకున్నాడు.

"పచ్చి వాసన. సోయా పాలు ముందు విడిగా మరిగించాల్సింది. ఉప్పూ చాలలేదు." ఇంకో ముక్క తీయబోయి, డాక్టరు గుర్తొచ్చి, దాన్ని కోడలి చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ఎవర్నీ అడగలేదు. ఆమె నెమ్మదిగా నమిలింది.

"పచ్చి వాసన నిజమే. ఉప్పు మాత్రం సరిపోయింది మామయ్యా. ఇంకా వేస్తే కమ్మదనం పోతుంది."

అనేసి నాలిక్కరుచుకుంది. మామగారు ఉప్పు డబ్బా ఆమె ముందుకు జరిపాడు.

"అయితే ఇకమీదట ఉప్పు నీది," అన్నాడు. "పాలు నేను మరిగిస్తా. రేపు కొట్టు తెరుద్దాం."