వినిపించింది సార్

ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది చిట్టి. మెడిసిన్ చదువుతోంది. మహమ్మారితో కాలేజీకి తాళం పడ్డ దగ్గర్నుంచీ రోగి ఒంటి మీద చెయ్యి వేసింది లేదు. చదువంతా తెరలోనే. ఇప్పుడు హఠాత్తుగా సోమవారం వార్డు డ్యూటీకి రమ్మన్నారు. డాక్టర్లు చాలరట! చాలరన్న సంగతి ఇన్నాళ్లూ ఎవడికీ పట్టలేదు.

తెర మీద ప్రొఫెసర్ గుండె చప్పుళ్ల రికార్డింగు పెట్టాడు. "లబ్‌కీ డబ్‌కీ మధ్య ఊదినట్టు సన్నటి శబ్దం. కవాటం సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట. విన్నారా?"

చిట్టి ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి నొక్కుకుంది. చడీ చప్పుడూ లేదు. చాట్‌లో మాత్రం జవాబులు వచ్చి పడుతున్నాయి. "వినిపించింది సార్." "క్లియర్ సార్." నెలల తరబడి ఇదే తంతు. తనూ అదే కొడుతోంది. చెవులు చూపించుకుంటే బంగారంలా ఉన్నాయన్నారు. అయితే లోపం బుర్రలోనే అనుకుంది. తిండి సయించడం లేదు, కంటి మీద కునుకు లేదు.

బట్టలు మడతపెడుతున్న తల్లి ఓరకంట చూసింది. "మళ్లీ ఆ మొహమేంటే?"

"సోమవారం వెళ్లనమ్మా. కడుపునొప్పని చెప్తా."

"డాక్టర్లకా? పడుకోబెట్టి నొక్కి చూస్తారే పిచ్చిమొహమా!"

చిట్టి నవ్వలేదు. "నావల్ల ఎవరైనా చచ్చిపోతే?"

తల్లి చేతులు ఆగిపోయాయి. "రాకపోతే రాదని చెప్పు. మీ సారేమన్నా కొరుకుతాడా?"

ప్రొఫెసర్ ఇంకోటి పెట్టాడు. మళ్లీ అదే నిశ్శబ్దం, అవే జవాబులు. చిట్టి మైకు నొక్కింది.

"సార్, నాకేం వినిపించట్లేదు. మొదట్నుంచీ ఒక్కసారి కూడా వినిపించలేదు."

"మరి వినిపించిందని రాశావేం?"

అంతలో క్లాసు ఫస్టొచ్చే కుర్రాడి గొంతు: "నాక్కూడా సార్." ఇంకెవరో: "నాక్కూడా." కాబోయే డాక్టర్లు ఇంతమందిలో ఒక్కరికీ ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు!

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి సెట్టింగులన్నీ వెతికాడు. మాటలు తప్ప మిగతాదంతా రొద అనుకుని కత్తిరించి పారేస్తోంది క్లాసు నడిచే ఆ యాప్. గుండె చప్పుడూ అందులోనే పోయింది. ఆయన ఆ కత్తిరింపుని ఆపి, రికార్డింగు మళ్లీ పెట్టాడు.

వచ్చింది. తడిగా, తొందరతొందరగా, ఒకదాని మీద ఒకటి పడుతూ.

"ఇప్పుడు?"

చాట్‌లో ఒక్క జవాబు లేదు.

"వినిపిస్తోంది సార్," అంది చిట్టి. "ఏది లబ్బో ఏది డబ్బో మాత్రం తెలియట్లేదు. మళ్లీ పెట్టండి."

సోమవారానికి ముందు ఇక ఒక్క ఆదివారమే ఉంది.