నూతిలో రెండు చేపలు

పొద్దున్నే చేద వదిలే ముందు జోగమ్మ నూతి గట్టు మీద చేత్తో తడుతుంది. లోపలి చేపలు పక్కకి తప్పుకోవాలి కదా. అక్కుపల్లి వైపు కోడలిగా వచ్చే ప్రతి పిల్లా పుట్టింటి నూతిలోంచి ఒక చిన్న కొర్రమీనుని ముంతలో తెచ్చుకుని అత్తారింటి నూతిలో వదులుతుంది. మనిషి పోతే ఆ చేపా పోతుంది. ఆ పిల్ల మనసులో ఎంత దిగమింగుకుంటే చేప అంత ముసలిదవుతుంది. తల తెల్లబడుతుంది, నడుం వంగుతుంది, చూపు ఆనక రాళ్లకి గుద్దుకుంటుంది. అందుకే చుట్టాలొస్తే ముందు చేప ఎలా ఉందని అడుగుతారు. బాగానే ఉందని చెబుతారు ఇంటివాళ్లు. నూతిలోకి వంగి చూసే తీరిక ఎవరికుంది?

తొంభై తొమ్మిది తుఫాను మరుసటి ఏడు జోగమ్మ కొడుకు పోలారావుకి పెళ్లయింది. కోడలు చిన్నమ్మి కోరింది ఒక్కటే, పలాస వెళ్లి కుట్టు నేర్చుకుంటానని. జోగమ్మ సరేనంది. ఈలోగా జీడి సీజను వచ్చింది. ఇంటినిండా పిక్కల బస్తాలు. పిక్కల్లోని జీడి సొన అంటుకుని కాలకుండా చేతులకి బూడిద రాసుకుని చిన్నమ్మి పిక్కలు కొడుతూ కూర్చుంది.

"అత్తా, కుట్టు సంగతి..."

"ఈ సీజను పోనీ అమ్మీ, సూద్దాం."

ఆ సీజనూ పోయింది, మరోటీ పోయింది. పిల్ల మళ్లీ అడగలేదు. అడగట్లేదంటే మరిచిపోయిందనుకుంది జోగమ్మ. మనకి అనువైన సంగతి ఎంత తొందరగా నమ్ముతామో.

ఎండలు ముదిరి నూతిలో నీళ్లు అడుగుకి దిగాయి. ఒకరోజు తాడు తెగి చేద పడిపోతే, ఎక్కడుందా అని జోగమ్మ వంగి చూసింది. చేపలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండిటి తలలూ తెల్లగా నెరిశాయి, రెండిటి నడుములూ వంగిపోయాయి. చిక్కి చిక్కి ఒకే పొడవుకి వచ్చాయి. ఎప్పుడో తను తెచ్చుకున్నదేదో, మొన్న కోడలు తెచ్చుకున్నదేదో ఆమె పోల్చుకోలేకపోయింది.

"ఇందులో నాదేది?" అని పైకే అంది.

ఆనాడు తన అత్త ఒక్కసారి ఇలా వంగి చూసుంటే ఎంత బాగుండేది. జోగమ్మకి ఏడుపు ఆగలేదు.

మర్నాడు కోడల్ని తనే లేపింది.

"లెగు అమ్మీ, తల దువ్వుకో. పలాస బస్సొచ్చేత్తాది."

"మరి పిక్కలో అత్తా?"

"అవెక్కడికీ పోవు."

పోలారావు గుమ్మంలో నిలబడి గొణిగాడు. "పనెవులు సేత్తారే అమ్మా?"

"నాను సేత్తాను, నువ్వూ సేత్తావు. బూడిదక్కడుంది, సేతులకి రాసుకో."

వానలు పడి నూతిలో నీళ్లు పైకొచ్చేసరికి చిన్నమ్మికి జాకెట్టు కుట్టడం వచ్చింది. మొదటిది అత్తకే కుట్టింది. ఒక చెయ్యి కాస్త పొట్టి. దాన్నే తొడుక్కుని జోగమ్మ నీళ్లకెళ్లి, గట్టు తట్టి, లోపలికి చూసింది. ఒక చేప తల మళ్లీ నల్లబడింది, నడుం నిలబెట్టి చకచకా తిరుగుతోంది. రెండోది తెల్లగా అలాగే ఉంది.

ఇప్పుడు తనదేదో జోగమ్మకి తెలిసింది. దానికో అన్నం ముద్ద వేసి, చేద నెమ్మదిగా వదిలింది.