బొట్టు మాటున నంబరు

కొత్త బండికి నిమ్మకాయ కట్టనివాళ్ళు, కొత్త యంత్రానికి బొట్టు పెట్టనివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి! జహీరాబాద్ దగ్గర పడవలకు కరెంటు మోటార్లు తయారుచేసే ప్రసాదరావు ఫ్యాక్టరీలోనూ అదే ఆనవాయితీ. సరుకు దిగగానే ఆయన భార్య విజయలక్ష్మి పెట్టెపెట్టెకూ పసుపు రాసి కుంకుమ పెట్టేది. కాకినాడ నుంచి వచ్చి ఈ గడ్డమీద నిలదొక్కుకున్న ఇల్లాలు. ఆమె చేతిచలవ మీద అందరికీ గురి. ఆ గురి ఎంతదాకా పోయిందంటే, బొట్టున్న పెట్టెను పరీక్షకు పంపడమే మానేశారు. అమ్మగారు బొట్టు పెట్టాక ఇంకా అనుమానమేమిటన్నది అక్కడివాళ్ళ మాట.

కొత్తగా చేరిన తనిఖీ ఇంజనీరు త్రివేణికి ఈ పద్ధతి మింగుడుపడలేదు. పక్కనున్న కోహీర్ ఊరి రైతుబిడ్డ, విత్తనాన్ని నోట కొరికి చూసిగాని కొనని ఇంట పుట్టింది.

ఆ వారం వచ్చినవి మోటారులోకి నీరు చొరబడకుండా ఆపే సీళ్ళు. అసలు కంపెనీవి ఆలస్యమవుతాయని ప్రసాదరావు పట్నంలో ఎవరో వ్యాపారి దగ్గర్నుంచి తెప్పించాడు. మంజీర నీళ్ళమీద బడిపిల్లలను దాటించే పడవకు మర్నాడే మోటారు పంపాలి మరి. అసలు సరుకైతే ఏ పెట్టె నంబరు దానిదే, కంపెనీతో సరిచూసుకోవచ్చు. పెట్టెకు అంటించిన తెల్లచీటీ మీద కుంకుమ నిండుగా కనిపిస్తుందని విజయలక్ష్మి సరిగ్గా ఆ నంబరు మీదే బొట్టు పెట్టింది. త్రివేణి తడిగుడ్డ తీసుకుంది.

మోటార్లు బిగించే రామ్‌కిషన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడపిల్లవు, బొట్టు తుడుస్తవా బిడ్డా? అదీ అమ్మగారు పెట్టింది. జర ఆలోచన చెయ్యి."

బొట్టు చెరపరాదని త్రివేణి కూడా పుట్టినప్పటి నుంచీ విన్నదే కదా! కాని ఆ పడవలో కూర్చునే పిల్లలు కళ్ళలో మెదిలారు. తుడిచేసింది. పక్క పెట్టె మీదా తుడిచింది. ఎన్ని తుడిచినా ఒకటే నంబరు. ఫోను చేస్తే, అది తమది కాదన్నారు కంపెనీవాళ్ళు. ఆ సీలే బిగించి మోటారును నీళ్ళతొట్టిలో ముంచితే, భోజనాలయ్యేలోగా లోపలికి చెమ్మ దిగింది.

ప్రసాదరావు ముఖం పాలిపోయింది. రేపటికని మాటిచ్చాను, నా పరువేం కావాలని కూలబడ్డాడు. ఈ పిల్ల బొట్టు తుడిచిందనే ఇట్లయిందని వెనక ఎవరో గొణిగారు. త్రివేణి తల దించలేదు.

"నా కొలువు పోతే పోనీ సార్. గీ మోటర్ పెట్టిన పడవల పిల్లల్ని పంపుమని నేనైతే చెప్ప."

విజయలక్ష్మి ఏమంటుందోనని అందరూ ఆమె వంక చూశారు. ఆమె మిగిలిన పెట్టెల మీది బొట్లన్నీ తన కొంగుతోనే తుడిచింది. పడవవాళ్ళకు ఫోన్ చేసి ఉన్న నిజం చెప్పెయ్యమని భర్తకు చెప్పింది.

తర్వాత అసలు సీళ్ళు వచ్చాయి. ప్రతి నంబరూ సరిపోయింది, తొట్టిలోంచి తీసిన మోటారు లోపల పొడిగా ఉంది. పడవ పిల్లలతో అవతలి గట్టు చేరిన రోజు ఫ్యాక్టరీ అంతా ఒడ్డున నిలబడింది. మా కోహీర్ పిల్ల పాస్ చేసిన మోటరని రామ్‌కిషన్ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. తాను చెయ్యి అడ్డం పెట్టిన సంగతి మాత్రం మహానుభావుడికి గుర్తే లేదు!

విజయలక్ష్మి త్రివేణిని దగ్గరకు తీసుకుంది.

"బొట్టు పెట్టడం నేను మాననండీ. కాని ఇకమీదట ముందు మా త్రివేణి పరీక్ష, ఆ తర్వాతే నా కుంకుమ. కాపాడమని దేవుడికి దణ్ణం పెట్టుకుందాం. మనం కళ్ళతో చూడాల్సిన పని కూడా ఆయన నెత్తిన పెట్టకూడదు."