శనివారం పలహారం

మా ఇంట్లో శనివారం రాత్రి అన్నం వండరు. వెంకన్న మొక్కు, పలహారంతో సరి. వినడానికి ఉపవాసంలాగే ఉంటుంది, పెనం ముందు నిలబడేవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. ఇరవై నాలుగేళ్ళుగా నేను పెసరట్లు వేస్తూనే ఉన్నాను. మా ఆయన అనంతకృష్ణగారికి అంచులు కరకరలాడాలి, ఒకటి తినేలోపు ఇంకోటి పళ్ళెంలో పడాలి. అందరిదీ అయ్యాక అడుగు పిండితో రెండు వేసుకుని, చల్లారాక, వంటగట్టు దగ్గర నిలబడి తినేదాన్ని.

ఆరు నెలల కిందట నేను పాఠాలు చెప్పే బడి నుంచి వస్తూ పటమటలో ఒక కొట్లో కొరియా నూడుల్స్ కనిపిస్తే సరదాకి తెచ్చాను. గుంటూరు కారం తిని పెరిగినదాన్ని, నాకే ముక్కు కారింది. దండం పెట్టాను. తర్వాత ఇండోనేషియావి. చారు ఉండదు, కాస్త తీపి, పైన వేయించిన ఉల్లిపాయలు. థాయిలాండ్‌వి నిమ్మగడ్డి వాసనతో పుల్లగా ఉంటాయి. జపాన్‌వి మొదట చప్పగా అనిపించాయి గానీ, గిన్నె ఎత్తి చారు తాగాక మాట వెనక్కి తీసుకున్నాను.

అయితే నూడుల్స్ ఆగవు. కాసేపు వదిలేస్తే ఉబ్బి ముద్దయిపోతాయి. అందుకని శనివారాలు ముందు నేను కూర్చోవలసి వచ్చింది. వచ్చిందేమిటి, కావాలనే కూర్చున్నాను. తిన్నాక లేచి అట్లు వేసేదాన్ని. మా ఆయన మూతి ముడుచుకునేవారు, పైకి అనేవారు కాదు.

మొన్న శనివారం చల్లపల్లి నుంచి ఆయన అక్క నాగవల్లిగారు వచ్చారు. నేను థాయిలాండ్ నూడుల్స్ గిన్నెతో కూర్చోగానే మొదలుపెట్టారు.

"ఇదేంటి రమా, శనివారం పూట ఆ ఎర్రటి కూడు? అందులో ఏ మాంసం పొడి కలిపారో ఏమో!"

చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి పచ్చ చుక్క చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

"సరే, శాకాహారమే అనుకో. మగాడు ఆకలితో కూర్చుంటే ముందు నువ్వు తింటావా?"

"అదీ అసలు సంగతి! దానికి మాంసం దాకా ఎందుకు వెళ్ళారు వదినా?"

"అక్కతో ఆ మాటలేంటి రమా? అది పక్కన పెట్టి, లేచి అట్లు వెయ్యి," అన్నారు మా ఆయన.

"లేవనండీ. పిండి గిన్నెలో ఉంది, పెనం పొయ్యి మీద ఉంది. ఆకలైతే వేసుకోండి. వచ్చే శనివారం కూడా ఇంతే."

కోపంతోనే అన్నాను. కొంచెం భయం కూడా ఉందనుకోండి. ఇవాళ లేస్తే మళ్ళీ జన్మలో ముందు కూర్చోలేనని నాకు తెలుసు.

ఆయన విసురుగా వంటింట్లోకి వెళ్ళారు. మొదటి అట్టు పెనానికి అతుక్కుపోయింది. అట్లకాడతో గీకుతున్న చప్పుడు వినపడుతోంది. ఉల్లిపాయ చెక్కతో రుద్దమని చెప్పబోయి, నోట్లో నూడుల్స్ కుక్కుకున్నాను.

"పాపం, వాడికేం తెలుసు," అంటూ వదిన చెంగు దోపుకుని లేచారు.

"వదినా, మీరు వేడి అట్టు తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. దోపిన చెంగు తీసేసి, వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఒరే కృష్ణా, నాకూ రెండు వెయ్యరా," అని కేకేశారు. "వేడిగా పట్రా!"