నాలో లేని గిన్నె

నేను ఒక కట్‌గ్లాసు సామాను క్యాటలాగును. మర్యాదకు నన్ను పుస్తకం అనేవాళ్ళున్నారు గానీ నాలో కథ లేదు, నీతి అంతకన్నా లేదు. బొమ్మలున్నాయి, బొమ్మల కింద నంబర్లున్నాయి. సామాను అమ్మడానికి పుట్టించారు నన్ను. నేను అచ్చయిన సీమలో, ఎండ మొహం ఎరగని ఒక పొగల ఊళ్ళో, తిరిగే రాతిచక్రానికి గాజును ఆనించి నగిషీలు కోసేవారు. ఆ కోతల మీద దీపం వెలుగు పడితే ఎలా మెరుస్తుందో నా పేజీల మీద ఒక చిత్రకారుడు నల్లసిరాతో గీశాడు. వెలుగును నల్లసిరాతో గీయమనే ఆలోచన మనుషులకే వస్తుంది. పాపం, అతను బాగానే గీశాడు.

ఓడెక్కి మద్రాసులో దిగి, గోదావరి జిల్లాలో ఒక చిన్న జమీందారుగారి దివాణం చేరాను. అక్కడి ఆడవాళ్ళు నన్ను చాప మీద పెట్టుకుని చుట్టూ కూర్చునేవారు. ఇది కావాలంటే ఇది కాదని ఎన్నాళ్ళో వాదులాడుకుని, చివరికి మూతగల పెద్ద గిన్నె ఒకటి బాగుందని ఒక్కమాట మీదికి వచ్చారు. ఆ గిన్నెను ఇంగ్లీషులో వర్ణిస్తూ ఉత్తరం రాసే ఓపిక దివానుగారికి లేదు. బొమ్మ ఉన్న కాగితాలు నాలోంచి చించి, ఇదే పంపవలెనని ఒక ముక్క రాసి కంపెనీకి పంపించాడు. కొన్నాళ్ళకు గిన్నె వచ్చింది. నా కాగితాలు తిరిగి రాలేదు. ఎవరికీ నచ్చని ఉప్పుగిన్నెలూ సిరాబుడ్లూ మాత్రం నాలో చెక్కు చెదరకుండా మిగిలాయి.

జమీ పోయింది. సామాను వేలానికి పోయింది. నేను ఒక ప్లీడరు గుమాస్తా ఇంట్లో ఊగే బల్ల కాలి కింద చాలాకాలం ఉద్యోగం చేశాను. బల్ల విరిగాక కాకినాడలో పాత పుస్తకాల దుకాణానికి వచ్చాను. అక్కడ నన్ను చూసి నిలబడిపోయిన మనిషి దాక్షాయణిగారు.

ఆవిడ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉంటారు. వంటకీ ఇంటి పనికీ నూకరత్నం అనే ఆవిడ వస్తుంది. ముందుగదిలో ఒక అద్దాల షోకేసు, దాని నిండా పాత గాజుసామాను. మధ్య అరలో, అన్నిటికన్నా మంచి చోట, ఒక గాజుమూత ఉండేది. మూత మాత్రమే. చుట్టూ చుక్కల కోతలు, నడినెత్తిన పిడి. ఎప్పుడో పాత సామాన్ల కొట్లో దొరికిందట.

"గిన్నె లేని మూతకి అంత రాజభోగం ఏంటండి?" అని నూకరత్నం తుడిచినప్పుడల్లా అడిగేది.

"గిన్నె ఎప్పుడో పగిలిపోయే ఉంటుంది. అదెలా ఉండేదో ఒక్కసారి చూస్తే చాలు నాకు," అనేవారు దాక్షాయణిగారు.

నాలో ఒక ఉప్పుగిన్నె బొమ్మ మీద ఆ మూత మీదున్న కోతలే ఉన్నాయి. దాని కింద చిన్న అక్షరాల్లో, ఇదే నగిషీలో మూతగల పెద్ద గిన్నెకు వెనకటి పేజీ చూడవలెను అని ఉంది. ఆవిడ చప్పున వెనక్కి తిప్పారు. అక్కడ చినిగిన అంచులు. ఆ అంచుల మీద వేలు పెట్టుకుని ఆవిడ చాలాసేపు కూర్చున్నారు. దివానుగారి మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు రాష్ట్రంలో మరికొందరున్నారు. గాజు మిత్రులని పేరు పెట్టుకున్నారు. గాజు దగ్గర ఒకరికొకరు పోటీ పడతారు గానీ క్యాటలాగుల దగ్గరికి వచ్చేసరికి వీళ్ళంత ఉదారులు ఉండరు. ఒకరి దగ్గర లేని పేజీలు ఇంకొకరు వెతికి పెడతారు, ఎరువిస్తారు, నకళ్ళు తీసి అందరికీ పంచుతారు. ఒక సభ్యుడు, ఎవరో ఫోనుతో పక్కకు వంచి తీసిన పేజీ ఫొటో నమ్ముకుని, అచ్చుపోసిన చవక పళ్ళేన్ని కోత పళ్ళెమనుకుని కొన్నాడు. అది విని మండిపడి ఒక నియమం పెట్టించింది దాక్షాయణిగారే. మిత్రుల మధ్య ఫోను ఫొటోలు తిరగకూడదు. పేజీని స్కానరు మీద సాపుగా పరిచి, పక్కన స్కేలు పెట్టి తీసిన నకలే చెల్లుతుంది. పుస్తకం సొంతదారు ఎదుట ఉండగానే ఆ పని జరగాలి. అందరూ తలలూపారు. లెక్చరరుగారి మాట కదా.

నన్ను కొన్న ఏడాదికి ఆవిడ నన్ను కళ్ళకు మరీ దగ్గరగా పట్టుకోవడం మొదలుపెట్టారు. తర్వాత భూతద్దం వచ్చింది. తర్వాత చుక్కల మందు. కళ్ళల్లో పడవలసిన చుక్కలు కొన్ని నా మీద పడేవి. గ్లకోమా అనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమనీ డాక్టరు అన్న మాట ఆవిడ నూకరత్నంతో చెబుతుంటే విన్నాను. మిత్రుల్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"చెప్తే ఏవవుద్దండి? మీకు కావాల్సింది తొందరగా ఎతికి పెడతారు కదండి," అంది నూకరత్నం.

"పరామర్శకని వచ్చి షోకేసు వంక చూస్తారు. వాళ్ళ సంగతి నాకు తెలియదూ? నేనైనా అదే పని చేస్తాను," అన్నారు ఆవిడ.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి మిత్రుల్లో ఒకడైన తాహెర్ అలీ ఫోను చేశాడు. తాతగారి ట్రంకుపెట్టెలో నా జోడీ, ఇదే క్యాటలాగు ఇంకో కాపీ, దొరికిందట. ఒక్క పేజీ కూడా పోలేదట. దాక్షాయణిగారు పిడికిలి గుండెకు ఆనించుకున్నారు. మిత్రులందరికీ పెద్దదిక్కు తెనాలి పానకాలరావు. స్కానరు ఆయన ఇంట్లోనే ఉంది. రెండు పుస్తకాలూ తెనాలి చేర్చి, తాహెర్ అలీ కాపీలోంచి నాకు కావలసిన పేజీలకు నకళ్ళు తీసి, నాలో కలిపి కుట్టించి తెస్తామని నిశ్చయం చేశారు. పానకాలరావు స్వయంగా కాకినాడ వచ్చి, నన్ను తువ్వాలులో చుట్టి, రైల్లో దారి పొడుగునా ఒళ్ళోంచి దించకుండా తీసుకెళ్ళాడు. అంత మంచి మనిషి ఆయన. జరిగినదానికి ఒక చెడ్డవాడు దొరికి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తెనాలిలో మమ్మల్నిద్దరినీ స్టీలు బీరువాలో పక్కపక్కన పడుకోబెట్టారు. నా జోడీ అట్ట నా అట్టకు తగులుతూ ఉండేది. ఆ గిన్నె బొమ్మ నాకు బెత్తెడు దూరంలో ఉంది. పానకాలరావు ఒక్కసారి తెరిచి, ఫోను పైన పట్టుకుని, ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది.

కానీ స్కానరు అద్దం మీద వెంట్రుకంత గీత ఉందని పానకాలరావు కనిపెట్టాడు. గాజును ప్రేమించే మనిషి గీత పడ్డ గాజును ఎలా సహిస్తాడు? అద్దం మార్చేసరికి వానలు పట్టుకున్నాయి. తేమకు కాగితాలు ఉబ్బి సాపుగా పరుచుకోవని ఆగారు. వానలు వెనకబట్టేసరికి తాహెర్ అలీ కూతురి పెళ్ళి వచ్చింది. సొంతదారు లేకుండా పుస్తకం తెరవకూడదు కదా, మళ్ళీ ఆగారు. ప్రతిసారీ కారణం సబబుగానే ఉంది. ప్రతిసారీ నేను బీరువాలో కుమిలిపోయాను.

ఒకరోజు పానకాలరావు బీరువా తెరిచి కలరా ఉండలు మారుస్తుంటే ఫోను మోగింది. స్పీకరు పెట్టాడు. దాక్షాయణిగారి గొంతు.

"పానకాలరావుగారూ, ఆ ఒక్క పేజీ ఫోనుతో తీసి పంపించగలరాండి?"

ఆయన ఫక్కున నవ్వాడు. "మీరే ఇట్టా అంటే ఎట్టాగమ్మా? రూలు పెట్టింది మీరేగా! వంకర ఫొటో పంపి మీ చేత చీవాట్లు తినమంటారా? కాస్త ఓపిక పట్టండి. పెళ్ళికూతుర్ని చేసి తెస్తాం మీ పుస్తకాన్ని."



"అవునండి, నేనే పెట్టాను. కానివ్వండి," అన్నారావిడ.

ఆవిడకు కళ్ళు పోతున్నాయయ్యా అని అరవాలనిపించింది నాకు. నాలో ఇన్ని అక్షరాలున్నాయి. ఆ ఒక్క మాటకు పనికొచ్చేవి లేవు. పానకాలరావు కూనిరాగం తీస్తూ బీరువా మూసేశాడు.

చలి మొదలయ్యాక పని జరిగింది. ఎంత శ్రద్ధగా జరిగిందో నేనే సాక్షిని. రంగు కలిసే కాగితం తెప్పించారు. చినిగిన అంచులకు కొత్త పేజీలను అతుకు తెలియకుండా కుట్టించారు. గిన్నె ఉన్న పేజీలో ఎర్ర రిబ్బను పెట్టారు. నూరేళ్ళ తర్వాత నేను నిండు పుస్తకాన్నయ్యాను. సంతోషించవలసిందే, కానీ నాకు కాకినాడ ఎప్పుడు చేరతానా అని ఒకటే బెంగగా ఉంది.

పానకాలరావూ తాహెర్ అలీ కలిసి కాజాల పొట్లంతో వచ్చారు. దాక్షాయణిగారు గోడను వేళ్ళతో రాసుకుంటూ గదిలోకి వచ్చి, కుర్చీ చెయ్యి వెతుక్కుని కూర్చున్నారు. స్కానరు అద్దం మీద వెంట్రుకంత గీతను పట్టిన పానకాలరావు ఇది గమనించలేదు. నన్ను ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"చూడండమ్మా! ఇక వంక పెడితే ఒట్టు!"

ఆవిడ నన్ను తెరిచారు. వేలికి రిబ్బను అందలేదు. సిరాబుడ్ల పేజీ తెరుచుకుంది. ఆవిడ అలవాటు ప్రకారం ముందుకు వంగి, తల కొంచెం పక్కకు వంచి, చాలాసేపు చూశారు.

"ఎంత బాగా వచ్చిందండీ! నేననుకున్నట్టే ఉంది గిన్నె. ఆ అంచు చూశారా?" అన్నారు.

"అమ్మా, అది సిరా..." అని పానకాలరావు ఆగిపోయాడు. తాహెర్ అలీ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడకు అర్థమైంది. చేతులు నా మీదే ఉన్నాయి, తల మాత్రం ఎత్తలేదు.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు పానకాలరావు.

"పూర్తిగా పోయి రెండు నెలలవుతోందండి."

"ఒక్క ముక్క చెప్పకూడదా అమ్మా? రూలు ఎవడిక్కావాలి? ఆ నిమిషంలోనే పంపేవాణ్ణిగా!"

"చెబితే మీరంతా వచ్చి నా షోకేసు వంక చూస్తారనుకున్నాను."

ఆ మాటన్న క్షణాన తాహెర్ అలీ చూపు షోకేసు మీదే ఉంది. చప్పున దించుకున్నాడు. పానకాలరావు రిబ్బను ఉన్న పేజీ తీసి, ఆవిడకు గిన్నెను వర్ణించబోయాడు. కోత పేరు చెప్పాడు, కొలతలు చెప్పాడు, నంబరు చెప్పాడు. అవన్నీ ఆవిడకు ముందే తెలుసు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాజాలు ఎవరూ ముట్టలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ నూకరత్నాన్ని పిలిచారు.

"ఆ పేజీ చూసి చెప్పు. ఎలా ఉంది?"

"గిన్నె అండి."

"అది కాదే. ఎలా ఉంది?"

నూకరత్నం నా మీదికి వంగింది. నిజంగానే కష్టపడి చూసింది. "పెద్దదండి. చుక్కలు చుక్కలుగా ఉందండి. బాగుందండి," అంది.

"మూత?"

"ఉందండి. అచ్చం మన మూతేనండి."

"మూత ఇలా తీసుకురా."

నూకరత్నం షోకేసు తెరిచి తెచ్చి చేతికిచ్చింది. గిన్నె బొమ్మ ఎక్కడుందో నూకరత్నం చేత తన వేలు పెట్టించుకుని, ఆవిడ ఆ మూతను మెల్లగా నా మీద, ఆ బొమ్మ మీద ఉంచారు.

"సరిపోయిందా?"

నూకరత్నం తటపటాయించింది. "బొమ్మ చిన్నదండి. మూత కింద మొత్తం మునిగిపోయిందండి. గిన్నె కనపడతాలేదండి."

"సరే, ఉండనీ," అన్నారు దాక్షాయణిగారు.

అప్పటి నుంచి నేను ముందుగదిలో బల్ల మీద, తెరిచిన పేజీతో, మూత కింద ఉన్నాను. రోజూ ఆవిడ వచ్చి కూర్చుంటారు. వేలు మూత మీది కోతల వెంట ఒక్కొక్క చుక్కా దాటుకుంటూ కిందికి వస్తుంది. గాజు మీది నగిషీ వేలికి తెలుస్తుంది. మూత అంచు దగ్గర వేలు నా మీదికి జారి, గిన్నె మొదలవ్వాల్సిన చోట కాసేపు వెతుకుతుంది. నా మీద తగలడానికేమీ లేదు. నేను నున్నటి కాగితాన్ని.