కిటికీ దగ్గర వేసుకునే మాత్ర

ఆసుపత్రి మందుల కిటికీ తెరవగానే మందులాయన చేసే మొదటి పని తన మాత్ర తాను వేసుకోవడం. రక్తపోటుకు రోజూ వాడే ఆ మాత్రను ఆయన ఇంట్లో వేసుకోడు. వరుసలో ముందున్న మనిషి చూస్తుండగా, అందరికీ ఇచ్చే అట్టలోంచే ఒకటి నొక్కి మింగుతాడు. ఊరికే వచ్చిన మందులో ఏం పస ఉంటుందని గొణిగేవాళ్ళ నోళ్ళు అలా మూయిస్తూ వచ్చాడు. అదొక పొగరు ఆయనకు, మంచి పొగరే.

ఈమధ్య మాత్రలు మారాయి. తక్కువ ధర చెప్పినవాడికే సరఫరా అన్న నిబంధన పాతదే. ఈసారి ప్రభుత్వం ధరను ఇంకా కిందికి తొక్కేసరికి పాత కంపెనీ తప్పుకుంది. కొత్త కంపెనీ మాత్ర వేలు తగిలితే పిండవుతోంది. పరీక్షకు పంపాం, ఫలితం వచ్చేదాకా పంచుతూ ఉండమన్నారు పైవాళ్ళు. నెలనెలా వచ్చే ముఖాల్లో కొన్ని ఈసారి కనిపించలేదు. ఊళ్ళకు వెళ్ళి ఉంటారని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పొద్దున భార్య పోట్లాడింది. "మెడనరం ఎలా కొట్టుకుంటోందో అద్దంలో చూసుకోండి. బయట షాపులో కొనుక్కుంటే మీ సొమ్మేం పోయింది?"

"నేనే బయట కొంటే, వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని ఇమ్మంటావే?"

"మొహం సంగతి తర్వాత. ముందు మనిషంటూ ఉండాలిగా!"

మధ్యాహ్నం కావస్తుండగా ఒక ముసలమ్మ చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మా ఆయన ఇవే వాడుతూ పక్షవాతమొచ్చి పడ్డాడు బాబూ. నిజం చెప్పు, పనిచేస్తాయా?"

తెలియదని చెబితే రేపు కిటికీ దగ్గరికి ఎవరూ రారు. బయట కొనలేనివాళ్ళు మందే మానేస్తారు. చెప్పకపోతే? భయమేసింది. ఆ భయంలోనే ఇంకో మాత్ర నొక్కి మింగాడు.

"ఇదిగో చూడమ్మా, నేనూ ఇవే వేసుకుంటా."

ముసలమ్మ నమ్మింది. మాత్రలు సంచీలో పెట్టుకుని, చల్లగా ఉండు నాయనా అని దీవించి వెళ్ళిపోయింది.

తరువాతి మనిషికి అట్ట అందించబోతే ఎడమచెయ్యి లేవలేదు, మనిషి బల్ల మీదికి వంగిపోయాడు. ఏదో కిందపడితే వెతుక్కుంటున్నాడనుకుని వరుస ఓపిగ్గా నిలబడింది. ఎంతకీ తల ఎత్తకపోయేసరికి ఎవరో కేక వేశారు. డాక్టరు పరుగున వచ్చేసరికే ఆయన పోయాడు.

సాయంత్రం బల్ల కింద ఆయన క్యారేజీ కనిపించింది. పై గిన్నెలో, భార్య చెప్పకుండా పెట్టిన బయటి షాపు మాత్రల అట్ట, ఒక్కటీ నొక్కకుండా నిండుగా ఉంది.