గొరాయి కల్లు

"రేపు గొరాయి. పదిమందికి సరిపోను సద్ది కట్టు," అన్నాడు నా మొగుడు శంకర్రావు, చెప్పులు విడుస్తూనే.

శనివారం సాయంత్రం. నేను అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి, నల్లా ఆగిపోకముందే బిందెలు నింపుకుంటున్నాను. నాకు అది మూడో నెల. వారం నుంచి నడుములో సన్నటి నొప్పి. ఈ ఆదివారం ఇంట్లో పడుకుంటానని చెప్పాలని కార్ఖానాలో గుండీలు కుడుతూ పొద్దంతా మాటలు కూర్చుకున్నాను. అతను కట్టు అన్నాక ఆ మాటలు ఎక్కడికి పోయాయో తెలియదు. "శెనగలు నానబెట్టాలె," అన్నాను.

కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగదుల మా చాళ్ళో నాకొక పేరుంది. మొగుడు తిప్పి చూపించే ఆడదాన్ని నేను. నల్లా దగ్గర ఎవరో ఒకరు అననే అంటారు: "నీకేంది చంద్రమ్మా, ఐతారం వస్తే తిరుగుడే తిరుగుడు." నిజమే. పెళ్ళయిన ఆరేళ్ళలో మాహిం ఉరుసుకు పోయాను, నవరాత్రుల్లో మహాలక్ష్మి జాతరకు పోయాను, వసయి పోయాను, వాల్కేశ్వర్ పోయాను. శంకర్రావు, అతని దోస్తులు తుకారాం, మొగులయ్య, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి తమకు తామే సండే మండలి అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడ జాతరైతే అక్కడికి. జాతర దేవుడిది, వీళ్ళు మాత్రం అక్కడ దొరికే తాగుడు కోసం. వసయిలో తాటికల్లు, గొరాయిలో కొబ్బరికల్లు, బాంద్రాలో కిరస్తానీ ఇళ్ళలో చేసే ద్రాక్షసారా, మంచుగడ్డల్లో పాతిన బీరు సీసాలు. అందరిలోకీ నాలుక గొప్పది శంకర్రావుదే. ఒక్క గుక్క నోట్లో తిప్పి, కళ్ళు మూసి, "ఇది పొద్దటి కుండ కాదు, రాత్రిది," అనేవాడు. అమ్మినవాడు సిగ్గుపడి ఒప్పుకునేవాడు. బస్సు డిపోలో అతను మామూలు మెకానిక్కే, కానీ ఆదివారం చెట్టు కింద కూర్చుంటే నలుగురూ అతని ముఖంలోకే చూసేవారు. ఆ గౌరవం అతనికి మరెక్కడా దొరకదని నాకు తెలుసు. అందుకే చాలాకాలం నాకు కోపం రాలేదు.

ఆరు రోజులు చొక్కాలకు గుండీలు కుట్టి, ఏడో రోజు కోడి కూయకముందే లేచి జొన్నరొట్టెలు కొట్టాలి. మటన్ వేపుడు విడిగా, శెనగలు విడిగా, కోడిగుడ్లు ఉడకబెట్టి ఉప్పూ కారం పొట్లాలు విడిగా. అన్నీ గంపలో సర్ది, ఆ గంప నెత్తిన పెట్టుకుని, నాలుగేళ్ళ కూతురు మంగలను చేత్తో పట్టుకుని లోకల్ ఎక్కాలి. దిగిన చోట నీడ చూసి దుప్పటి పరవాలి. ఇక నేను ఆ దుప్పటి మీదే. వాళ్ళ చొక్కాలు, గడియారాలు, చెప్పులు అన్నీ నా చుట్టూ. "కదలకు, దొంగలుంటరు," అనేవాడు. సోమవారం కార్ఖానాలో ఆడవాళ్ళు అడిగేవారు, జాతరలో ఏమేం ఉన్నాయని. మంగల తుకారాం భుజమెక్కి చూసొచ్చి చెప్పినవే నేను వాళ్ళకు చెప్పేదాన్ని. పెద్ద చక్రం, రెండు తలల దూడ, అద్దాల గది. వాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఆరేళ్ళలో నేను చూసినవి చెట్ల మొదళ్ళే అని ఒక్కరికీ చెప్పలేదు. చెబితే ఉన్న ఆ ఒక్క పేరు కూడా పోతుంది కదా.

ఆ ఆదివారం తెల్లవారి గంప సర్దింది మా అత్త లక్ష్మవ్వ. సర్ది, తానే ఎత్తి నా నెత్తిన పెట్టింది. "పైలంగ పో. గీసారి మొగపిల్లగాడే, నడక జూస్తె తెలుస్తున్నది," అంది.

బోరివలిలో రైలు దిగి, బస్సెక్కి, ఖాడీ అనే సముద్రపు పాయ దగ్గర పడవెక్కి గొరాయి చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. మే నెల. మగవాళ్ళు సరుగుడు చెట్ల వెనక ఒక గుడిసె ముందు చేరారు. నేనూ, తుకారాం భార్య రత్నాబాయీ, మంగలా ఇసుకలో. రొట్టెలు విప్పుతుంటే కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కాసేపటికి చీర తడిసింది. నేను లేచి నిలబడలేదు. కూర్చున్న చోటే ఒక చేత్తో దుప్పటి కొసను పిడికిట్లో పట్టుకుని, "అక్కా, మంగల నాయినను పిల్వు," అన్నాను.

రత్నాబాయి పరుగెత్తింది. తిరిగి వచ్చి నా ముఖం చూడకుండా చెప్పింది. "ఇప్పుడే కుండ దించిండ్రట. ఐపోంగనే పోదామన్నడు. పండుకోమన్నడు."

"రక్తమని చెప్పినవా?"

"చెప్పిన. మళ్ళ పోత," అని ఈసారి అరుస్తూ పోయింది. అతనే వచ్చాడు. చేతిలో గ్లాసు ఉంది. నా మీదికి వంగి చూశాడు. ముఖంలో భయం లేకపోలేదు. కానీ భయం కంటే ముందు విసుగు వచ్చి కూర్చుంది.

"గీ ఎండల బస్సు కుదుపులకు ఇంకింత ఐతది, చంద్రా. పొద్దు దిగనియ్యి. ఆడోళ్ళకు అయ్యేదే గద, మా అమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు? కాళ్ళు ఎత్తుల పెట్టి పండు."

చెప్పిన తీరు ఎంత బాగుందంటే, ఒక క్షణం నేనే నమ్మాను. నా మంచికే చెబుతున్నాడనుకున్నాను. అతను వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు గంటలు. చెట్ల వెనక నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. మొగులయ్య ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు, చివర శంకర్రావు నవ్వు. ఆరేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి నవ్వు అంత దూరం నుంచి విన్నా గుర్తుపట్టగలను. మంగల నా తల దగ్గర కూర్చుని ఇసుకతో ఇల్లు కడుతోంది. "అమ్మా, నిద్రపోయినవా?" అని మాటిమాటికీ అడుగుతోంది. లేదమ్మా అన్నాను. రత్నాబాయి తన చీర చెంగు చింపి ఇచ్చింది. అంతకంటే ఆమె చేయగలిగింది లేదు.

పొద్దు వాలాక కదిలాం. అప్పటికి ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయాయి. పడవ దాకా మోకాలి లోతు బురద. ఒక కోలీ జాలరి ఆవిడ చేపల తట్ట కింద పెట్టి, నన్ను రెక్కల కింద పట్టుకుని ఎత్తింది. "నవరా కుఠే తుఝా?" అంది. నీ మొగుడెక్కడ అని. ముందు గంప పట్టుకుని బురద దాటుతున్న శంకర్రావు వైపు రత్నాబాయి గడ్డంతో చూపించింది. కోలీ ఆవిడ అటు ఉమ్మింది.

ఆస్పత్రిలో అంతా అయిపోయాక డాక్టరమ్మ బయట అతన్ని అడగడం నాకు వినిపించింది. మధ్యాహ్నం మొదలైతే ఇంతసేపు ఏం చేశారని. "గొరాయిల ఉంటిమి మేడం. పడవ దొరకలే," అన్నాడు శంకర్రావు.

పడవలు వరుసగా కట్టేసి ఉన్నాయి. అయినా ఆ మాట అక్కడి నుంచి మా కంటే ముందే చాళ్ళోకి వచ్చింది. పడవ దొరకలేదట పాపం అని అందరూ అన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ అతను ఆ ముక్కే చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకసారి ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు దొంగది కాదు. నాకు కొబ్బరినీళ్ళు తెచ్చేవాడు, మంగలకు జడ వేయబోయి చిక్కులు చేసేవాడు. వారం రోజులు ఎక్కడికీ పోలేదు. లక్ష్మవ్వ మాత్రం గోడ వైపు తిరిగి, నాకు వినపడేలా అనేది: "కడుపుతోని గంప ఎవ్వరెత్తుకోమన్నరు? మాకు తెల్వదా కడుపు మోసుడు?" గంప నా నెత్తిన పెట్టిన చేతులు ఆమెవే. ఆ సంగతి ఆమె నిజంగానే మరిచిపోయిందా, మరిచిపోవాల్సి వచ్చిందా అని ఆలోచిస్తూ పడుకునేదాన్ని. అంతకు మించి ఆలోచించే ఓపిక లేదు. పన్నెండో రోజు మళ్ళీ గుండీల దగ్గర కూర్చున్నాను.

సెప్టెంబరులో బాంద్రా జాతర వచ్చింది. గుట్ట మీద మోత్ మావులి అనే కిరస్తానీ దేవత గుడి. మంచి జరగాలని కోరుకునేవాళ్ళు అక్కడ మైనపు బొమ్మలు ఇస్తారు. చేతికి జబ్బయితే చెయ్యి, కాలికైతే కాలు, పిల్లలు కావాలంటే పిల్లవాడు. "మొగపిల్లగాని బొమ్మ ఇచ్చి రా. ఏ దేవతైతేంది," అంది లక్ష్మవ్వ. శంకర్రావు, "బయటికొస్తే మనసు తేలికైతది," అన్నాడు. మళ్ళీ గంప, మళ్ళీ లోకల్. ఈసారి గంప రత్నాబాయి మోసింది.

గుట్ట కింద వేపచెట్టు నీడలో బీరు సీసాలు తెరిచారు. నేను గుడ్లు ఒలిచి పళ్ళెంలో పెడుతున్నాను. మాటల్లో మొగులయ్య అడిగాడు. "దాదా, ఇన్నేండ్లల్ల ఇన్ని జాగాలల్ల తాగినం గద. అన్నిట్లకు మంచిది ఏది, నువ్వు చెప్పు."

శంకర్రావు కళ్ళు మూసుకున్నాడు. అతని ముఖం మెత్తబడింది. పెళ్ళయిన కొత్తలో నన్ను చూసినప్పుడు అట్లా మెత్తబడేది.

"గొరాయి," అన్నాడు. "మొన్న ఎండకాలంల. కుండ దించంగనే తాగినం, యాదున్నదా? నురుగు గిట్ల మూతికంటింది. తియ్యగ, సల్లగ, పాల లెక్క. గసొంటి దినం మళ్ళ రాదురా."

తుకారాం తల ఎత్తి నన్ను చూసి, గబుక్కున దించుకున్నాడు. రత్నాబాయి చేతిలోని రొట్టె అట్లాగే ఆగింది. శంకర్రావు ఎవర్నీ చూడలేదు. నాలుకతో పెదవి తడుపుకుని, ఇంకో గుడ్డు కోసం చెయ్యి చాపాడు.

నేను గుడ్డు ఇచ్చాను. ఇచ్చి, చేతులు కడుక్కుని, మంగలను లేపి చెప్పులు తొడిగించాను. "యాడికే? గడియారాలు ఎవరు చూస్తరు?" అన్నాడు. గుడికి అన్నాను. ఆ మాట కాదనలేకపోయాడు.

మెట్ల పొడుగునా మైనం అమ్మేవాళ్ళు. ఒక ముసలామె నన్ను ఆపి, చెయ్యా, కాలా, కడుపా, పిల్లవాడా అని మరాఠీలో వరసగా అడిగింది. పిల్లవాడు అన్నాను. అరచేతంత బొమ్మ, కళ్ళు లేవు, పసుప్పచ్చగా ఉంది. లోపల అందరూ మోకాళ్ళ మీద కూర్చుని పెదవులు కదుపుతూ అడుగుతున్నారు. నేను బొమ్మను ఆ కుప్పలో పెట్టాను. కానీ ఏమీ అడగలేదు. ఇంకో పిల్లవాణ్ణి ఇవ్వమనడానికి నోరు రాలేదు. పోయినదానికి ఇంతవరకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఇదొక్కటీ దానికే అనుకున్నాను. "ఇది ఎవరిది?" అంది మంగల. "నీ తర్వాత పుట్టాల్సినోళ్ళది," అన్నాను. గుడి బయట గోడ మీద కూర్చుని ఇద్దరం సముద్రం చూశాం. కింద రంగులరాట్నం తిరుగుతోంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తర్వాత రెండో వైపు మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాం.

శంకర్రావు సాయంత్రం వచ్చాడు. గుమ్మంలోనే అరిచాడు. "జాతరంతా వెతికినం! ఎటు పోయినవో ఏమైనవో అని! ఇజ్జత్ తీసినవు కదనే దోస్తుల ముందర!"

లక్ష్మవ్వ చాప మీద బియ్యం ఏరుతోంది. నేను పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. గొంతు పెంచలేదు కూడా. "గొరాయి కల్లు పాల లెక్క ఉన్నదన్నవు గద. గది తాగినన్ని గంటలు నేను ఇసుకల పడి ఉంటి. రత్నక్క రెండుసార్లు పిలిచింది. పడవలుండె. అవ్వకు నువ్వే చెప్పు, ఆ దినం ఏమైందో."

లక్ష్మవ్వ చేతులు చేటలో ఆగిపోయాయి. శంకర్రావు నా వైపు చూశాడు. అబద్ధం దొరికిపోయినవాడిలా చూస్తాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. అతను నొసలు ముడిచి, లెక్క కుదరనట్టు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు:

"గది గా దినమేనా?"

అతని మనసులో అవి రెండు వేర్వేరు ఆదివారాలు. ఒకటి కల్లు బాగున్న ఆదివారం, ఇంకొకటి పడవ దొరకని ఆదివారం. నటన కాదని ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. నా కోపం నిలబడటానికి చోటు లేకుండా పోయింది. దొంగతనం చేసినవాడినైతే నిలదీయవచ్చు. తీసుకున్నదే తెలియనివాణ్ణి ఏం చేస్తాం?

"ఐపోయిన ముచ్చట తవ్వుడెందుకు," అంది లక్ష్మవ్వ చివరికి. కానీ కొడుకు ముఖం చూడకుండా అంది. ఆ రోజు తర్వాత గంప మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. మగపిల్లవాడి మాట మాత్రం వచ్చింది. మూడో వారమే వచ్చింది. "ఇంకెన్నొద్దులు? మంగలకు తమ్ముడు వద్దా?" అని. శంకర్రావు నవ్వి నా వైపు చూశాడు. ఇంట్లో అన్నీ యథాప్రకారం అయిపోయాయి, నేను తప్ప.

మరుసటి మంగళవారం కార్ఖానాలో సగం పూట సుట్టి అడిగి, మంగలను బడిలో దింపి, ఆస్పత్రికి పోయాను. ఆడవాళ్ళ వార్డు ముందు బల్ల మీద నాలాంటి వాళ్ళే అరడజను మంది కూర్చున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నర్సు నా పేరు పిలిచింది. మరాఠీలోనే అడిగింది, ఎందుకొచ్చావని. తాంబి వేయించుకోవడానికి అన్నాను. ఇక్కడ కాపర్-టీని అట్లాగే అంటారు.

"పిల్లలెందరు?"

"ఒక బిడ్డ. ఒకటి పోయింది."

ఆమె ఫారం మీద ఏదో రాసుకుంది. కొడుకు వద్దా అంది. ఆమె తల ఎత్తి నన్ను పరీక్షగా చూసింది. మంచి మనిషిలాగే ఉంది. పని ఎక్కువై అలసిపోయిన ముఖం.

"నీ మొగుడికి చెప్పినవా?" అంది.

"చెప్పినా యాదుండదు, సిస్టర్," అన్నాను.